దేవసహాయం సార్ పాతిన కర్ర

గత నెల రెండో శనివారం ఉదయం పదకొండు గంటల నలభై ఏడు నిమిషాలకు, హనుమకొండ నుంచి మా బస్సు మీటరు ప్రకారం 371 కిలోమీటర్ల దూరంలో, బస్తర్ కొండల్లోని జాతీయ ఉద్యానవనంలో, మూడు మెట్లుగా దూకే ఒక జలపాతం అడుగున ఉన్న మడుగులో మేకల దేవసహాయం గారు కనిపించకుండా పోయారు. మరునాడు ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు, అక్కడికి 1.8 కిలోమీటర్ల దిగువన, నీటిలోకి ఒరిగిన ఒక మద్దిచెట్టు వేళ్ల మధ్య ఆయన పార్థివదేహం లభించింది. వయసు డెబ్బై ఒక్క సంవత్సరాలు. కుడికాలి బూటు లేదు. నడుముకు కట్టుకున్న తాడు ముడి చెక్కుచెదరలేదు. ముడికి అవతల తాడు జానెడు మాత్రమే మిగిలింది.

ఆ వార్త హనుమకొండకు చేరేసరికి చౌరస్తాలలో ఫ్లెక్సీలు వెలిశాయి. వాటిలో ఆయన చిరునవ్వు నవ్వుతున్నారు. పందొమ్మిది సంవత్సరాల పరిచయంలో నేను ఎరిగిన దేవసహాయం గారు కెమెరా ముందు ఒక్కసారైనా నవ్వలేదు. ఎవరో ఫోనులో ఆయన పెదవులను సవరించి నవ్వించారు. ఆ బొమ్మ చూసినప్పుడు నాకు కన్నీరు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం ఈ అక్షరాలు రాస్తున్న క్షణం వరకు తగ్గలేదు. అందులో కొంత ఆయన మీద, ఎక్కువ భాగం మా సంఘం మీద, మిగిలినది నా మీద.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. ఆయన నాకు ఆప్తులు కారు. ఆయనను నేను ప్రేమించలేదు. సంస్మరణ సభలో మైకు పట్టుకుని కంటతడి పెట్టినవారిలో నేను లేను. నీటిపారుదల శాఖలో ఇరవై ఎనిమిదేళ్లు వాగుల, కాలువల నీటిమట్టాలు కొలిచి నమోదు చేయడం నా ఉద్యోగం. కొలిచిన దానిని కొలిచినట్టు రాయడం తప్ప నాకు మరొకటి చేతకాదు. ఈ వ్యాసం కూడా అలాగే రాస్తున్నాను.

దేవసహాయం గారు కేసముద్రం దగ్గరి పల్లెలో పుట్టారు. తండ్రి అక్కడి మార్కెట్ యార్డులో బస్తాలు మోసిన హమాలీ. కొడుకు హనుమకొండలో ఒక క్రైస్తవ మిషన్ పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడై, ముప్పై మూడేళ్లు పిల్లలను ఎండలో నిలబెట్టి, పదవీ విరమణ చేశారు. సెలవులలో మిత్రులను వెంటబెట్టుకుని కొండలకు, అడవులకు, జలపాతాలకు నడిపించే అలవాటు ఉద్యోగంలో ఉండగానే మొదలైంది. అదే క్రమంగా మా నడక సంఘమైంది. సంవత్సరానికి రెండు ప్రయాణాలు: వానలు తగ్గుముఖం పట్టాక జలపాతాలకు, చలికాలంలో గుట్టలెక్కడానికి. సంఘానికి అధ్యక్షుడు, కార్యదర్శి, లెటర్‌హెడ్ ఆ తర్వాత వచ్చాయి. ఆయన ఏ పదవీ తీసుకోలేదు. అయినా ఆయన కూర్చోమన్నచోట కూర్చున్నాం, లెమ్మన్నప్పుడు లేచాం. అందరికీ అది కష్టంగానే ఉండేది.

ఆయన విధానమంతా ఒక కర్రలో ఉంది. ఐదడుగుల వెదురు కర్ర, దానికి కట్టిన అరచేతి వెడల్పు ఎర్ర గుడ్డ. జలపాతం దగ్గరికి చేరగానే ఎవరినీ నీటిలో దిగనిచ్చేవారు కాదు. ముందు మడుగు అంచున నీటిలో కర్ర పాతేవారు. నీటిమట్టానికి సరిగ్గా నాలుగు వేళ్ల ఎత్తున గుడ్డ బిగించేవారు. ఒక మనిషిని ఈల ఇచ్చి కర్ర పక్కన కూర్చోబెట్టేవారు. గుడ్డ తడిస్తే ఈల. ఈల వినిపిస్తే ఎక్కడివాళ్లు అక్కడినుంచి ఒడ్డుకు రావాలి. అందరూ బయటికి వచ్చేవరకు ఆ కర్రను ఎవరూ ముట్టుకోరాదు. కాపలా కూర్చున్న మనిషి స్నానం చేయరాదు, ఫోను చూడరాదు. ఆయన ఊరి రైతులు ధాన్యం బండ్లను వాగు దాటించేటప్పుడు, మొదటి బండి దిగకముందే ఇలా ఒక కర్ర పాతి, గుడ్డ తడవనంతసేపే బండ్లను వదిలేవారట. చిన్నప్పుడు చూసిన ఆ పద్ధతిని ఆయన యథాతథంగా జలపాతాలకు తెచ్చారు.

నేను చేరిన తొలి ప్రయాణంలోనే ఆ కర్రను తప్పుపట్టాను. దాని మీద సెంటీమీటర్ల గీతలుంటే నీరు ఎంత వేగంతో పెరుగుతున్నదో తెలుస్తుందని, ఒక్క గుడ్డతో తడిసిందీ లేనిదీ తప్ప ఇంకేమీ తెలియదని వివరించాను. నా వాదన శాస్త్రీయమైనది. ఇరవైమంది వింటుండగా ఆయన ఇచ్చిన సమాధానం ఇది:

"ఇంజనీరమ్మా, నువ్వు గీతలు సదివి, కాయితం మీద రాసుకొని, లెక్క తీసెటాల్లకు మనిషి పోతడు. గుడ్డ తడిసిందా లేదా, గదొక్కటి సూడు. గది సూసుడు రాకుంటె ఆడ బస్సుల కూసో."

అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి నేను ఆయనకు ఇంజనీరమ్మనే. ఆ పిలుపులో గౌరవం ఎంత, వెక్కిరింత ఎంత అన్నది పందొమ్మిదేళ్లలో నేను విడదీయలేకపోయాను.

కఠినుడు అనే మాట ఆయనకు చిన్నది. ఒకసారి ఏటూరునాగారం దాటకముందే ఒక సభ్యుడి నీళ్ల సీసాలో నీళ్లు కాక మరేదో ఉన్నదని ఆయనకు వాసన తగిలింది. ఆ సభ్యుడు ఒక బ్యాంకులో అధికారి, భార్యాపిల్లలతో వచ్చినవాడు. బస్సు ఆపించి, అతనినొక్కడినే సంచితో సహా దింపివేశారు. బతిమాలినా వినలేదు. తర్వాత తన సంచి కూడా తీసుకుని తానూ దిగారు. హనుమకొండ బస్సు వచ్చేదాకా రోడ్డు పక్కనున్న ఒక బల్ల మీద అతని పక్కన కూర్చున్నారు. ఒక్క మాట మాట్లాడలేదని ఆ అధికారి తరువాత మాకు చెప్పాడు. అతనిని బస్సెక్కించి, టికెట్ తీసుకున్నాడో లేదో కిటికీలోంచి చూసి, ఏదో జీపు పట్టుకుని సాయంత్రానికి మమ్మల్ని కలుసుకున్నారు. అతనిని ఒంటరిగా వదిలి రావడం ఆయనకు తోచని పని. అతనిని క్షమించడం కూడా ఆయనకు తోచని పనే.

మాలో హిందువులూ క్రైస్తవులూ సమానంగా ఉంటాం. నీటిలో దిగేముందు ఆయన కళ్లు మూసుకుని ఒక నిమిషం ప్రార్థించేవారు. కేసముద్రం వైపు పల్లె నుంచి వచ్చే యాకమ్మ అనే రైతు మహిళ అదే సమయంలో నీటికి పసుపు కుంకుమలు వేసి కొబ్బరికాయ కొట్టేది. ఇందులో ఎవరు ముందన్న దాని మీద ఒకసారి గొణుగుడు మొదలైంది. ఆయన విని అన్న మాట నా దినచర్య పుస్తకంలో రాసుకున్నాను: "యాకమ్మ దేవునికి యాకమ్మ కొడ్తది, నా దేవునికి నేను మొక్కుత. ఇద్దరు దేవుండ్లు కలిసినా వాగు ఆగది. కర్ర సూడుండ్రి."

ఇంతటి నిర్దాక్షిణ్యం వెనుక ఆయన మాకు ఇచ్చినదేమిటో చెప్పకపోతే అది నా వృత్తికి ద్రోహం. ఆయన వల్లనే మాలో చాలామందికి నీరు పరిచయమైంది. జలపాతం చేరాక మొదటి పావుగంట ఎవరూ మాట్లాడరాదనేది ఆయన నియమం. ఆ పావుగంటలో ధ్వని విడివిడిగా వినబడసాగేది: పైమెట్టు మీద నీరు బండను ఒరుసుకునే శబ్దం, నడిమి మెట్టు మీద పగిలే శబ్దం, అడుగున మడుగులో పడే గంభీరనాదం. నీటితెర వెనుక బండ కింద కూర్చుంటే ఎదుటి అడవి మొత్తం వణుకుతూ కనబడేది. తుంపరలో తడిసిన నాచు మీద నీలిరెక్కల పిట్ట ఒకటి వచ్చి వాలితే, వేలు చూపించవద్దని కళ్లతోనే గదమాయించేవారు. అడవిలో ఐదారు కిలోమీటర్లు నడిచి, రాళ్లు పట్టుకుని దిగి, ఒళ్లంతా చెమటతో ఆ చల్లటి నీటిలో మునిగినప్పుడు కలిగే ఆనందానికి నా దగ్గర కొలత లేదు.

యాభై ఎనిమిదేళ్ల వయసులో యాకమ్మకు ఆయన నీటి మీద తేలడం నేర్పారు. ఆమె బిగుసుకుపోయి, చేతులు కొట్టి, రెండుసార్లు నీళ్లు మింగింది. ఆయన మెడ కింద ఒక చెయ్యి మాత్రమే ఆనించి, "నీళ్లతోని కొట్లాడకు యాకమ్మా. నీళ్ల మీద పండు. నీ ఇంట్ల మంచం మీద పండినట్టు పండు," అన్నారు. "మా ఇంట్ల మంచం గిట్ల ఊగది సారూ," అన్నదామె. అయినా పండుకుంది. చెయ్యి తీసేశారు. ఆమె అలాగే ఆకాశం చూస్తూ ఉండిపోయింది. తనకు నాలుగెకరాల పొలం, ముగ్గురు మనవలు ఉన్నారని, ఇంత తేలికగా ఎన్నడూ లేనని తరువాత అందరికీ చెప్పింది.

నా వైరానికి కారణం కర్ర గురించిన వాదం కాదు. ఏడేళ్ల కిందట, చలికాలపు యాత్ర రెండో రోజున, మా ఆయన హనుమకొండ దవాఖానాలో గుండెపోటుతో పోయారు. దేవసహాయం గారు అప్పుడు ఇరవై రెండు మందితో ఆదిలాబాద్ కొండలలో ఉన్నారు. ఆయనకు, మా ఆయనకు ముప్పై ఏళ్ల స్నేహం. ఫోను వెళ్లింది. ఆయన రాలేదు. మూడో రోజు సాయంత్రం, అంతా అయిపోయిన తరువాత, బురద బూట్లతో వచ్చి మా గేటు బయట అరుగు మీద కూర్చున్నారు. లోపలికి రమ్మని నేను పిలవలేదు. "ఇరవై రెండు మందిని తీస్కపోయిన. నడిమిట్ల ఇడిశి రాలేకపోయిన," అని, ఒక గంట కూర్చుని వెళ్లిపోయారు. క్షమాపణ అడగలేదు. నేనూ ఇవ్వలేదు. ఆ తరువాత కూడా నేను యాత్రలు మానలేదు. అడవి కోసం వెళ్లాను, ఆయన కోసం కాదు. మా మధ్య మాట అవసరానికే పరిమితమైంది.

ఇక గత నెల సంగతి.

ఆ శనివారం ఉదయం ఉద్యానవనం వసతిగృహం దగ్గర టీ తాగుతుండగా, ఈసారి కర్ర కాపలా నాదని ఆయన అందరి ముందు ప్రకటించారు. అంటే నేను నీటిలో దిగరాదు. 371 కిలోమీటర్లు వచ్చింది కర్ర పక్కన కూర్చోవడానికా అని అడిగాను. "మోకాళ్లు నొస్తున్నయని నిన్న మెట్లకాడ నువ్వే అన్నవు. నొచ్చేటోల్లు కూసోవాలె," అన్నారు. ఆ మాట నిజం. నిజం కావడం వల్లనే మరింత మండింది.

పది గంటల ఇరవై నిమిషాలకు మడుగు దగ్గరికి చేరాం. ఆయన కర్ర పాతి, గుడ్డ కట్టి, ఈల నా చేతిలో పెట్టారు. ఎప్పటిలాగే ఉద్యానవనం గైడును తీసుకుని, నీరు బురదరంగుకు మారుతున్నదేమో చూడటానికి ఎగువకు వెళ్లారు. పద్నాలుగు మంది నీటిలోకి దిగారు. మడుగు అవతలి అంచుకు, అంటే ధార పడేచోటికి వెళ్లాలన్నా, అక్కడినుంచి రావాలన్నా ఒకే దారి: నీటిపై తేలినట్టు కనబడే ఒక బండల వరుస. ఏడుగురు ఒడ్డున ఉన్నారు. నేను కర్ర దగ్గర ఉన్నాను.

పదకొండు గంటల ఐదు నిమిషాలకు మా సంఘం కార్యదర్శి రాజేందర్ అందరినీ ఫోటోకు పిలిచారు. మడికొండ దగ్గర ఇళ్ల స్థలాలు అమ్మే వ్యాపారం ఆయనది. సంఘం పేరు, తన పేరు, తన ఫోటో ఉన్న బ్యానర్ ఒకటి వెంట తెచ్చారు. జలపాతం, బ్యానర్, సభ్యులు ఒకే చట్రంలో రావాలంటే మధ్యలో ఎర్ర గుడ్డ కర్ర అడ్డం వస్తున్నది.

"మేడం, ఆ కర్ర నడిమిట్ల నిలవడ్డది. జర తీస్తరా? ఫోటో కాంగనె మల్ల పెట్టున్రి," అన్నారాయన. సార్ ఏమంటారోనని ఒడ్డున ఎవరో సందేహించారు. "సార్ మీదికి పోయిండు గద. ఆయన అచ్చెటాల్లకు అది ఆడనే ఉంటది," అన్నారు రాజేందర్.

కర్రను నేనే తీశాను. ఎవరూ నా చేతిలోంచి లాక్కోలేదు. ఆ కర్ర అశాస్త్రీయమని పందొమ్మిదేళ్లుగా నా అభిప్రాయం. ఉదయం నుంచి ఆయన మీద కోపం. తీసి, ఫోటో అయ్యాక మళ్లీ పాతాను. పాత గుంతలోకి నీరు, ఇసుక చేరాయి కనుక ఒడ్డు వైపు నలభై సెంటీమీటర్లు జరిపి, నీటి అడుగున ఉన్న ఒక బండ పగులులో దించాను. నిటారుగా ఉన్నదో లేదో రెండు వైపుల నుంచి చూసి సరిచేశాను. గుడ్డను మాత్రం ముట్టుకోలేదు.

కొలకర్రను ఒకచోటి నుంచి మరోచోటికి మార్చినప్పుడు దాని సున్నను, అంటే కొలత మొదలయ్యే మట్టాన్ని, మళ్లీ నిర్ధారించాలి. మా శాఖలో చేరిన మొదటి వారంలో నేర్పే పాఠం ఇది. నేను స్వయంగా కనీసం నలభై మందికి నేర్పాను. ఆ బండ పాత స్థానం కంటే ఇరవై ఒక్క సెంటీమీటర్లు ఎత్తుగా ఉంది. కర్ర పొడవు తెలుసు కనుక, ఫోటోకు ముందు తీసిన ఒక చిత్రాన్ని, తరువాత తీసిన మరొక చిత్రాన్ని పక్కపక్కన పెట్టి ఈ అంకె తీశాను. దేవసహాయం గారు గుడ్డను నీటికి ఏడు సెంటీమీటర్ల ఎత్తున కట్టారు. నేను పాతాక అది ఇరవై ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తున నిలిచింది.

రాజేందర్‌తో సహా పద్నాలుగు మందీ, మరికొన్ని ఫోటోలకని బ్యానర్, ఫోనులు తీసుకుని, మళ్లీ ధార పడేచోటికి వెళ్లారు. పదకొండు ముప్పై ఒకటికి నీరు పెరగడం మొదలైంది. ఎగువన ఎక్కడో కురిసిన వాన అది. మా మీద ఎండ కాస్తూనే ఉంది. ఒడ్డున ఒకరు తీసిన వీడియోను బట్టి నీరు నిమిషానికి సుమారు మూడు సెంటీమీటర్ల చొప్పున పెరిగింది. గుడ్డ మొదటి స్థానంలో ఉండి ఉంటే పదకొండు ముప్పై మూడుకు తడిసేది. ఈల మోగేది. అవతలి అంచు నుంచి అందరూ బయటికి రావడానికి మాకు పట్టే సమయం నాలుగు నిమిషాలు. ప్రతి యాత్రలోనూ ఆయన విసిగించి విసిగించి ఆ సాధన చేయించేవారు. పదకొండు ముప్పై ఎనిమిదిలోపు చివరి మనిషి కూడా ఒడ్డున ఉండేవాడు. బండల వరుస మునిగింది పదకొండు ముప్పై తొమ్మిదికి.

ఆ ఏడు నిమిషాలూ నేను గుడ్డనే చూస్తూ ఉన్నాను. అది పొడిగా ఉంది. నీటిని చూడలేదు.

పదకొండు ముప్పై ఎనిమిదికి దేవసహాయం గారు ఎగువ నుంచి పరుగెత్తుకుంటూ వచ్చారు. ముందు గుడ్డను చూశారు. తరువాత కర్ర ఉన్నచోటును చూశారు. ఆయనకు అర్థం కావడానికి రెండు సెకన్లు పట్టి ఉంటుంది.

"కర్ర ఎవలు జరిపిన్రు?"

"నేనే," అన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. ఆ తిట్టు కోసం నేను ఇప్పటికీ ఎదురుచూస్తున్నాను. "ఈల ఊదు. ఆపకు. నువ్వు దిగకు," అన్నారు. నాతో ఆయన ఆడిన చివరి మాటలు ఇవి. తాడు ఒక కొసను చెట్టుకు కట్టి, రెండో కొసను నడుముకు చుట్టుకుని, మునుగుతున్న బండల మధ్య, ప్రవాహం మొత్తం తన ఒంటికి తగిలేచోట నిలబడ్డారు. తన నుంచి ఒడ్డు దాకా బిగిసిన తాడును పట్టించి ఒక్కొక్కరినే పంపసాగారు. మొదట పిల్లలున్నవాళ్లు, తరువాత ఈత రానివాళ్లు. ఆ వరుస కూడా ఆయనే అరిచి చెప్పారు. ఎవరూ ఎదురు చెప్పలేదు.

పదమూడో మనిషి యాకమ్మ. ఆమెకు పట్టు తప్పింది. తరువాత తాను చెప్పినది ఇది: "నేను మునుగుతాంటె సార్ నా జుట్టు వట్టి గుంజిండు. చెంప మీద ఒక్కటి కొట్టిండు. 'పండు యాకమ్మా, పండు' అన్నడు. పండిన. తాడు మీదికి నూకిండు. గంతే నాకు ఎరుక." తాడుకు, బండకు మధ్య నలిగి ఆమె ఎడమ మణికట్టు విరిగింది.

పద్నాలుగో మనిషి రాజేందర్. బ్యానర్ చుట్టలో ఫోనులు పెట్టుకుని, దాన్ని చంకలో పట్టుకుని వచ్చారు. సార్ దాన్ని లాగి నీటిలో పారేశారు. రాజేందర్ రెండు చేతులతో తాడు పట్టుకుని ఒడ్డుకు చేరిన క్షణానికి, పైమెట్టు నుంచి దూకిన ఒక దుంగ సార్‌ను తాకింది. తాడు తెగింది. అప్పుడు పదకొండు నలభై ఏడు.

పది రోజుల తరువాత హనుమకొండలో సంఘం సమావేశమై, ప్రత్యేక సంచిక ముద్రించాలని తీర్మానించింది. అందులో మరణాన్ని గురించిన వాక్యం రాజేందర్ రాశారు: "వయోభారం చేత కాలుజారి, తాను బోధించిన జాగ్రత్తలను తానే విస్మరించి, దేవసహాయం గారు జలసమాధి అయ్యారు." ఆ వాక్యాన్ని తీసివేయమన్నాను. నన్ను పక్కకు పిలిచి చాలా మృదువుగా మాట్లాడారు.

"మేడం, కర్ర ముచ్చట రాస్తె ముందుగాల మీ పేరే అస్తది. మీకు పెన్షన్ ఉన్నది, ఇజ్జత్ ఉన్నది. నేను మీ కోసమే గట్ల రాస్తాన. సార్ ఎట్లాగు పోయిండు. ఆయనకు ఇగ ఏం ఫికరున్నది?"

ఆయనకు ఫికర్ ఉండేది ఆ ఒక్కదానికే. ముప్పై ఒక్క సంవత్సరాలు కొన్ని వందల మందిని కొండల్లోకి తీసుకుపోయి, తీసుకుపోయినంత మందినీ తిరిగి తెచ్చిన మనిషి. ఆయనకు పతకాలు లేవు, ఆస్తి లేదు. జాగ్రత్త తప్పని మనిషి అన్న పేరు ఒక్కటే ఉంది. దాన్ని కూడా, తాను ప్రాణం పోసిన చివరి మనిషి చేతిమీదుగా, నా సౌకర్యం కోసం, ఒక వాక్యంలో తీసివేయబోతున్నారు. సమావేశంలో ఉన్న పదిహేడు మందిలో కనీసం తొమ్మిదిమంది కర్ర జరగడం కళ్లారా చూసినవారు. చేతులెత్తమన్నప్పుడు పదహారు చేతులు లేచాయి.

చర్చిలో జరిగిన సంస్మరణ కూడిక తరువాత ఆయన భార్య రూతమ్మ గారు నా చెయ్యి పట్టుకుని ఒక మూలకు తీసుకుపోయారు. "చెల్లే, మా ఆయనకు నీళ్లంటె భయం. చిన్నప్పుడు వాగుల తమ్ముడు కొట్టుకపోయిండు. అప్పటిసంది భయం. కర్ర లేంది బాయికాడికి గుడ పోకపోయేటోడు. గసొంటి మనిషి కాళ్లు జారేకాడికి ఎట్ల పోయిండు? నువ్వు కర్రకాడ ఉన్నవంట గద. అదొక్కటి చెప్పు," అన్నారు. పందొమ్మిదేళ్లలో ఆ తమ్ముడి సంగతి ఆయన మాలో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నేను ఆమెకు సమాధానం చెప్పలేకపోయాను. చుట్టూ మనుషులున్నారని నాకు నేను చెప్పుకున్నాను.

అందుకే ఈ వ్యాసం. సంఘం సంచికలో దీనికి చోటు లేదన్నారు కనుక ఈ పత్రికకు పంపుతున్నాను. ఇదే వివరాన్ని రెండు ఫోటోలతో, వీడియోతో సహా అక్కడి పోలీసు ఠాణాకు లిఖితపూర్వకంగా పంపాను. కాలు జారలేదు. వయసు అడ్డం రాలేదు. ఆయన తన నియమాన్ని విస్మరించలేదు. నియమాన్ని తప్పించినది నేను. తప్పించమని అడిగినది కార్యదర్శి. చూస్తూ ఊరుకున్నది సంఘం. దేవసహాయం గారు ఆ రోజు చేయవలసిన ప్రతి పనినీ, చేయవలసిన క్రమంలో చేశారు.

ఆయన మంచివారని నేను రాయను. ఆయన మాటలో మెత్తదనం లేదు, మనసులో సర్దుబాటు లేదు, నా దుఃఖంలో నా గుమ్మం లోపలికి రాలేదు. కానీ తన వెంట వచ్చిన మనుషులను లెక్కపెట్టుకోవడంలో ఆయనకు సాటి రాగల వ్యక్తిని నేను వరంగల్‌లో గాని, నా వృత్తిలో గాని చూడలేదు. నా ఇంటి చావుకు ఎందుకు రాలేదో పదకొండు ముప్పై ఎనిమిది నుంచి పదకొండు నలభై ఏడు వరకు, తొమ్మిది నిమిషాలపాటు, ఒడ్డున నిలబడి చూశాను. అర్థమైంది. అర్థం కావడానికి చెల్లించిన మూల్యం నాది కాదు. తలవంచి ఆయనకు నమస్కరిస్తున్నాను. ఆ నమస్కారాన్ని ఆయన స్వీకరించి ఉండేవారని నేను అనుకోవడం లేదు.

ఈ వ్యాసాన్ని పత్రికకు పంపేముందు రూతమ్మ గారి ఇంటికి వెళ్లి, ఇంతవరకు రాసినదంతా చదివి వినిపించాను. ఆమె మధ్యలో ఆపలేదు.

"రాసినవు. మంచిది. గిది అచ్చు వేయించు," అన్నారు. నేను లేచేసరికి మరొక మాట అన్నారు. "ఇగ మా ఇంటికి రాకు చెల్లే."

సరేనన్నాను.

బస్సులో వెళ్లినవారు ఇరవై ముగ్గురు. తిరిగి వచ్చినవారు ఇరవై ఇద్దరు. ఒక మణికట్టు విరిగింది. ఆరు ఫోనులు, ఒక బ్యానర్ నీటిలో పోయాయి. వెదురు కర్ర దొరకలేదు. చలికాలపు యాత్ర రద్దయింది, నడిపించడానికి మనిషి లేడు. సంఘంలో నా సభ్యత్వం ముగిసింది. నాకు ఒక ఇంటి తలుపు మూసుకుంది. రూతమ్మ గారికి భర్త లేరు.